80సి గడి ఖాళీగా ఉంటే భయపడకండి

అందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడులు తెరిచారు. ఇక మన స్టాఫ్ రూముల్లో ఆదాయపు పన్ను (ఐటీ) ఫారాల కాలం మొదలైంది. ఫిబ్రవరి జీతం బిల్లుతో పాటు ఫారం పెట్టాలి కాబట్టి, ఎవరి దగ్గర ఏ రసీదు ఉందో, 80సి (పొదుపు, బీమాల్లో పెట్టిన డబ్బును లక్షన్నర వరకు ఆదాయంలోంచి తీసేసి పన్ను లెక్క కట్టే సెక్షన్) కింద ఇంకా ఎంత తక్కువ పడుతుందో అన్న మాటలే వినిపిస్తాయి. నేను ఉద్యోగం నుంచి దిగిపోయినా పాత బడి వాళ్లు ఇప్పటికీ ఫారాలు పట్టుకుని మా ఇంటికి వస్తూనే ఉంటారు. వచ్చిన వాళ్లలో 55 దాటిన వారే ఎక్కువ. ఈ రోజు నా మాటలు ముఖ్యంగా వారి కోసం.

పోయిన ఫిబ్రవరిలో జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను. మాతో కలిసి పని చేసిన ఒక టీచరు వచ్చారు. వయసు 57. "మాస్టారూ, ఈసారి పన్ను కట్టక్కర్లేదు, అయిదు లక్షలు ఒకేసారి కట్టేశాను" అని సంతోషంగా ఒక బీమా బాండు నా చేతిలో పెట్టారు. కూతురి పెళ్లి అయ్యాక చేతిలో మిగిలిన డబ్బు అది. రెండో పేజీ తిప్పి చూస్తే బీమా మొత్తం (మనిషి పోతే ఇంటివారికి ఇచ్చే డబ్బు) అన్న చోట 6,25,000 అని ఉంది. అక్కడే నాకు మనసు చివుక్కుమంది. 2012 ఏప్రిల్ 1 నుంచి తీసుకున్న పాలసీల్లో, బీమా మొత్తంలో పది శాతం వరకే ప్రీమియాన్ని 80సి కింద చూపగలం. అంటే ఆవిడ కట్టిన అయిదు లక్షల్లో లెక్కకు వచ్చేది 62,500 మాత్రమే. ప్రీమియం పది శాతం దాటింది కాబట్టి, గడువు తీరాక వచ్చే లాభం మీద కూడా పన్ను పడుతుంది. ఇవన్నీ అలా ఉంచి, అసలు విషయం ఇంకొకటి ఉంది. ఆవిడ జీతం మీద పన్ను కొత్త పద్ధతిలో, అంటే రేట్లు తక్కువగా ఉండి మినహాయింపులు చాలావరకు లేని పద్ధతిలో లెక్క కడుతున్నారు. కొత్త పద్ధతిలో 80సి అన్న గడే లేదు. ఆ 62,500 కూడా ఎందుకూ పనికిరాలేదు. పాలసీ వెనక్కి ఇచ్చే గడువు అప్పటికే దాటిపోయింది.

ఆవిడ చదువులేని మనిషి కాదు. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు నేర్పారు. పొరపాటు ఎక్కడ జరిగిందంటే, మనందరికీ ఒక అలవాటు ఉంది. రిటైర్మెంటు కోసం పొదుపు అంటే 80సి నింపడమే అని మన తరం నేర్చుకుంది. పన్ను తగ్గుతుందన్న ఆశ మన చేత బలవంతంగానైనా పొదుపు చేయించింది. అది మేలే చేసింది, కాదనను. కానీ ఆ ముడి ఇప్పుడు చాలామంది విషయంలో తెగిపోయింది. తెగిందని ఎవరూ మనల్ని కూర్చోబెట్టి చెప్పలేదు.

లెక్క చూద్దాం. కాగితం ఉన్నవారు రాసుకోండి. 60 లోపు వయసున్న ఒక ప్రధానోపాధ్యాయుడికి 2025-26లో మొత్తం జీతం 16 లక్షలు అనుకుందాం. పాత పద్ధతిలో జీతగాళ్లందరికీ రసీదులు లేకుండా తీసేసే స్టాండర్డ్ డిడక్షన్ 50 వేలు, 80సి కింద లక్షన్నర, జాతీయ పింఛను పథకమైన ఎన్‌పీఎస్‌కు అదనంగా కట్టే 50 వేలు, ఇవన్నీ తీసేస్తే 13,50,000 మిగులుతుంది. సెస్‌తో కలిపి పన్ను 2,26,200. అదే మనిషి కొత్త పద్ధతిలో ఒక్క రూపాయి కూడా ఎక్కడా కట్టకుండా, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ మాత్రమే తీసుకుంటే పన్ను 1,13,100. దాదాపు సగం. పాత పద్ధతి దీనితో సమానం కావాలంటే అన్ని మినహాయింపులూ కలిపి 6 లక్షల 18 వేలు దాటాలి. ఇంటి అప్పు వడ్డీ రెండు లక్షలు, ఇంటి అద్దె భత్యం మినహాయింపు, ఆరోగ్య బీమా అన్నీ ఉన్నవారికి తప్ప అది అందదు. 55 దాటిన మనలో చాలామందికి ఇంటి అప్పు తీరిపోయి ఉంటుంది, సొంత ఇంట్లో ఉంటాం కాబట్టి అద్దె మినహాయింపు కూడా ఉండదు.

జీతం ఇంకాస్త తక్కువైతే తేడా మరింత పెరుగుతుంది. స్టాండర్డ్ డిడక్షన్ పోను 12 లక్షల వరకు ఆదాయం ఉన్నవారికి కొత్త పద్ధతిలో రిబేటు (పన్ను తగ్గింపు) వల్ల పన్నే లేదు. జీతగాళ్లకు అది 12 లక్షల 75 వేలు అన్నమాట.

అందుకని ముందుగా రెండు పద్ధతుల్లోనూ లెక్క కట్టించుకోండి. ఆ తర్వాతే రసీదుల సంగతి. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి ఏటా ఏ పద్ధతి కావాలంటే అది ఎంచుకోవచ్చు. జీతం బిల్లు పెట్టే అధికారి డీడీఓకు ఒకటి చెప్పి, రిటర్ను వేసేటప్పుడు ఇంకొకటి ఎంచుకోవడానికీ వీలుంది. అయితే పాత పద్ధతి కావాలనుకునేవారు గడువులోపే రిటర్ను వేయాలి. గడువు దాటాక వేస్తే ఆ అవకాశం పోతుంది.

పాత పద్ధతిలోనే మేలు కనిపించినవారికి ఒక చిన్న మాట. సీపీఎస్ అంటే పాత పింఛను లేని ప్రభుత్వ ఉద్యోగుల పథకం, ఆ డబ్బు ఎన్‌పీఎస్ ఖాతాలోకే వెళ్తుంది. సీపీఎస్‌లో ఉన్నవారి జీతం నుంచి మూల వేతనం, డీఏ కలిపి పది శాతం కోత పడుతుంది కదా. ఆ మొత్తాన్ని అంతా 80సి పరిమితిలోనే కుక్కేస్తుంటారు. ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల బీమా), ఎల్ఐసీ కలిసేసరికి లక్షన్నర దాటిపోయి, మిగిలింది వృథా అవుతుంది. సీపీఎస్ కోతలో 50 వేలు విడదీసి, ఇందాక చెప్పిన అదనపు 50 వేల సెక్షన్ 80సీసీడీ(1బి) కింద చూపండి. చేతి నుంచి కొత్తగా ఏమీ పెట్టక్కర్లేదు. 30 శాతం శ్లాబులో (పన్ను మెట్టులో) ఉన్నవారికి 15,600 మిగులుతుంది. ప్రభుత్వం వేసే వాటా సంగతి వేరు. దాన్ని ఆదాయంలో కలిపి చూపితే, యాజమాన్యం వాటాకు సంబంధించిన 80సీసీడీ(2) కింద తీసేయాలి. కలపకపోతే తీయకూడదు. ఈ మినహాయింపు కొత్త పద్ధతిలోనూ ఉంది.

ఆ 80సీసీడీ(2) గురించి ఇంకొంచెం చెప్పాలి. ఈ హాల్లో ఉన్న చాలామంది ఇళ్లలో భర్తో, భార్యో ప్రైవేటు ఉద్యోగాల్లో ఉన్నారు. కొత్త పద్ధతిలో జీతగాళ్ల రిటైర్మెంటు పొదుపుకు పన్ను మినహాయింపు ఇచ్చే పెద్ద తలుపు ఇదొక్కటే అని చెప్పవచ్చు. యాజమాన్యం మన ఎన్‌పీఎస్ ఖాతాలో వేసే డబ్బుకు, మూల వేతనం, డీఏలో 14 శాతం వరకు పన్ను లేదు. 2024 బడ్జెట్టులో ప్రైవేటు ఉద్యోగులకు కూడా దీన్ని పది నుంచి 14కు పెంచారు. మా బావమరిది హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగి, వయసు 57. మూల వేతనం నెలకు 80 వేలు. ఎన్నాళ్లుగానో ఈ వెసులుబాటు వాళ్ల ఆఫీసులో ఉంది, అతను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. పోయిన ఏప్రిల్‌లో అడిగి, జీతంలోంచే నెలకు 11,200 యాజమాన్యం వాటాగా మళ్లించుకున్నాడు. ఏడాదికి 1,34,400. అతను 20 శాతం శ్లాబులో ఉన్నాడు, సెస్‌తో కలిపి పన్నులో దాదాపు 28 వేలు తగ్గుతుంది. అదే డబ్బు తను సొంతంగా ఎన్‌పీఎస్‌లో కట్టి ఉంటే కొత్త పద్ధతిలో రూపాయి కూడా తగ్గేది కాదు. డబ్బు అదే, ఖాతా అదే. ఎవరి చేతి మీదుగా వెళ్లింది అన్నదే తేడా.

ఈ డబ్బుకు ఎప్పటికీ పన్ను ఉండదని మాత్రం అనుకోవద్దు. ఇక్కడే రిటైర్మెంటుకు దగ్గరైనవారు నిదానంగా ఆలోచించాలి. ఎన్‌పీఎస్ నుంచి బయటికి వచ్చేటప్పుడు మొత్తంలో 60 శాతం వరకు పన్ను లేకుండా చేతికి వస్తుంది. జీవితాంతం పింఛను ఇచ్చే యాన్యుటీ కొన్న భాగం మీద నెలనెలా వచ్చే పింఛను మాత్రం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. అంటే పన్ను వాయిదా పడింది. ఆ వాయిదా మనకు లాభమా కాదా అన్నది ఈనాటి శ్లాబును, రేపటి శ్లాబును పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. మా బావమరిది ఇప్పుడు 20 శాతంలో ఉన్నాడు. రిటైరయ్యాక అతని ఆదాయం ఏడాదికి ఆరేడు లక్షలు దాటదు, కొత్త పద్ధతిలో దానికి పన్ను లేదు. కాబట్టి ఈ చివరి ఏళ్లలో అతను దాచే ప్రతి రూపాయికీ లాభమే. రిటైరయ్యాక కూడా అద్దెలూ వడ్డీలూ కలిసి పెద్ద శ్లాబులోనే ఉండేవారికి అంత లాభం ఉండదు.

సీపీఎస్ మిత్రుల గురించి మాట్లాడకుండా ముందుకు వెళ్లలేను. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవారంతా ఇందులోనే ఉన్నారు. నోటిఫికేషన్ 2003లో వచ్చినా ఉద్యోగంలో చేరింది 2005లో కావడంతో ఇందులోకి వెళ్లిన 2003 డీఎస్సీ వారి బాధ మనకు తెలియనిది కాదు. వీరిలో ఆలస్యంగా ఉద్యోగం వచ్చినవారు ఇప్పుడు రిటైర్మెంటు అంచున ఉన్నారు. సర్వీసు ఇరవై ఏళ్లు మాత్రమే. ప్రాన్ (ఎన్‌పీఎస్) ఖాతాలో 40 లక్షలు ఉన్నాయి అనుకుందాం. 40 శాతం, అంటే 16 లక్షలు యాన్యుటీకి పోతుంది. రేటు ఆరున్నర శాతం అనుకుంటే నెలకు వచ్చేది 8,700 లోపే. పక్క కుర్చీలో కూర్చుని అదే పాఠం చెప్పి, పాత పింఛనుతో వెళ్తున్నవారితో దీన్ని పోల్చి చూడండి. అందుకే 80సి గడి పోయింది కదా అని పొదుపు ఆపేస్తున్న సీపీఎస్ ఉపాధ్యాయులను చూస్తే నాకు భయం వేస్తుంది. పన్ను తగ్గినందువల్ల చేతిలో మిగిలిన లక్ష రూపాయలు సెల్ ఫోన్లకూ, కారు వాయిదాలకూ పోతున్నాయి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఒక మాట అడుగుతుంటారు. అక్కడ 401(కె) అనే ఉద్యోగుల ఖాతాలో 50 దాటినవారు మామూలు పరిమితి మీద 2025లో 7,500 డాలర్లు అదనంగా వేసుకోవచ్చు, 60 నుంచి 63 మధ్య వయసు వారికి చాలా ఖాతాల్లో అది 11,250 డాలర్లు. పిల్లల చదువులు అయ్యాక, వెనకబడిన పొదుపును అందుకోవడానికి ఇచ్చిన వీలు అది. మన చట్టంలో వయసును బట్టి అలాంటి అదనపు వీలు లేదు. 80సి పరిమితి లక్షన్నర అయింది 2014లో, ఇప్పటికీ కదలలేదు. ఇది అన్యాయం అని నా అభిప్రాయం. మన సంఘాలు డీఏ గురించి, పీఆర్సీ గురించి ఇచ్చే విజ్ఞాపనల్లో దీనికి కూడా ఒక పేరా కేటాయించాలని నా విన్నపం.

చట్టం మారేవరకు ఏం చేయాలి? పీపీఎఫ్ (ప్రజా భవిష్య నిధి) ఖాతా తెరిచి పదిహేనేళ్లు నిండినవారు మనలో చాలామంది ఉన్నారు. నిండగానే మొత్తం తీసేయకండి. ఏడాదిలోపు దరఖాస్తు ఇస్తే అయిదేళ్ల పాటు డబ్బు కడుతూ పొడిగించుకోవచ్చు. ఆ దరఖాస్తు ఇవ్వకుండా కడితే ఆ డబ్బుకు వడ్డీ రాదు, గుర్తుంచుకోండి. ఇప్పుడు వడ్డీ 7.1 శాతం. కట్టేటప్పుడు మినహాయింపు లేకపోయినా, కొత్త పద్ధతిలో కూడా ఆ వడ్డీ మీద పన్ను లేదు. 57 ఏళ్ల వయసులో ఏటా ఏప్రిల్‌లో లక్షన్నర చొప్పున అయిదేళ్లు కడితే, రేటు ఇలాగే ఉంటే, కట్టిన ఏడున్నర లక్షలకు సుమారు 9 లక్షల 25 వేలు అవుతుంది. ఈ వయసులో కొత్తగా తెరిస్తే మాత్రం మళ్లీ పదిహేనేళ్లు. అది అందరికీ సరిపడదు.

ఏప్రిల్ అని ఎందుకు అన్నానంటే, పీపీఎఫ్ వడ్డీని నెలలో అయిదో తేదీ నుంచి ఆఖరు రోజు వరకు ఉన్న అతి తక్కువ నిల్వ మీద లెక్క కడతారు. నా పాస్ బుక్కులో ఏళ్ల తరబడి మార్చి 28, మార్చి 30 అనే తేదీలే ఉన్నాయి. ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు పరుగెత్తి కట్టిన డబ్బు అది. అదే లక్షన్నర ఆ ఏడాది ఏప్రిల్ 5 లోపు కట్టి ఉంటే ఇప్పటి రేటున 10,650 రూపాయలు ఎక్కువ వడ్డీ వచ్చేది. రెండు తేదీల మధ్య తేడా అంత. ఇంట్లో ఉద్యోగం లేని భార్య పేరు మీద ఖాతా ఉంటే దానికి వేరే లక్షన్నర పరిమితి ఉంటుంది. మన తర్వాత ఆమెకంటూ మిగిలేది అదే కావచ్చు.

ప్రభుత్వ ఉద్యోగుల భవిష్య నిధి అయిన పాత జీపీఎఫ్‌లో ఉన్నవారు చివరి ఏళ్లలో నెలసరి కోత పెంచుకోవచ్చు. ఏడాదికి అయిదు లక్షలు దాటిన భాగం మీద వడ్డీకి పన్ను ఉందని తెలిస్తే చాలు. ప్రైవేటు ఉద్యోగుల ఈపీఎఫ్‌లో ఉన్నవారికి ఆ గీత రెండున్నర లక్షల దగ్గరే ఉంది. స్వచ్ఛందంగా ఎక్కువ కోత వేయించుకునేవారు ఈ సంఖ్య చూసుకోండి. అయిదేళ్ల పన్ను ఆదా ఫిక్స్‌డ్ డిపాజిట్ల జోలికి 58 దాటాక వెళ్లకపోవడమే మంచిది. మధ్యలో తీయడానికి వీల్లేదు, వచ్చిన వడ్డీకి పన్ను ఉంది. 60 దాటాక ఆ డబ్బుకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్స్ స్కీము ఉంది. 30 లక్షల వరకు వేయవచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం మీద మూడు నెలలకోసారి 61,500 చేతికి వస్తుంది. ఆ వడ్డీ ఆదాయంలో కలుస్తుంది, నిజమే. కానీ మందుల ఖర్చు నెలనెలా వస్తుంది కాబట్టి ఆదాయం కూడా అలా వస్తూ ఉండటం మేలు.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. 80సి అనే పేరు కూడా అందులో లేదు. ఎవరైనా కొత్త నంబరు చెప్పి కొత్త పాలసీ అంటగట్టడానికి వస్తే, బాండు మీద బీమా మొత్తం ఎంతో ముందు చూడండి.

ఫారాలు, పే స్లిప్పులు తెచ్చుకున్నవారు ముందు వరుసల్లోకి రండి. పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ లెక్క కట్టి చూద్దాం. సీపీఎస్ వారు ముందు రండి.