307వ అక్షరం

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు ఒక డిగ్రీ కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, జువాలజీ, కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులకు, ముందు వరుసలో కూర్చున్న నా పాత సహోద్యోగులకు నమస్కారం. పిల్లలూ, మీకు ప్రత్యేకంగా. ఆహ్వాన పత్రికలో నా అంశం 'ప్రోటీన్ల అధ్యయనంలో కంప్యూటర్' అని వేశారు. ప్రోటీన్ల ఆకారాన్ని అంచనా కట్టే ఆల్ఫాఫోల్డ్ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్ గురించి, దానికి వచ్చిన 2024 నోబెల్ గురించి చెబుతానని మీరు అనుకుంటూ ఉంటారు. చెబుతాను. ముందు మా పెద్దక్క సంగతి చెప్పాలి.

1988లో అక్కకి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. గంటలో బయటికి తెస్తామన్నారు. మధ్యాహ్నమైంది, తేలేదు. లోపల అక్క సొంతంగా ఊపిరి తీసుకోవడం లేదు. మత్తు డాక్టరు, ఇద్దరు నర్సులు వంతులేసుకుని చేత్తో బ్యాగు నొక్కుతూ ఊపిరి అందించారు. వాళ్ల చేతులకు నేను ఇవాళ్టికీ దండం పెట్టుకుంటాను. సాయంత్రానికి అక్క వేళ్లు కదిలాయి. "ఒక్కొక్కరి ఒళ్లు అంతేనమ్మా" అని చెప్పి పంపించారు. ఇంటికొచ్చాక అక్క నాతో అంది: "నాకు అన్నీ వినిపించాయిరా. మెలకువగానే ఉన్నాను. కన్ను తెరవలేకపోయాను."

నాన్న ఆ సంగతి గడప దాటనివ్వలేదు. అప్పుడు చిన్నక్కకి సంబంధాలు చూస్తున్నారు. 1993లో చిన్నక్క కాన్పుకి సిజేరియన్ చేయాల్సి వచ్చింది. "మీ ఇంట్లో మత్తుతో ఎవరికైనా ఇబ్బంది వచ్చిందా?" అని డాక్టరు అడిగారు. లేదన్నారు నాన్న. నేను పక్కనే ఉన్నాను. నేనూ నోరు విప్పలేదు. మళ్లీ అదే జరిగింది. ఈసారి అయిదు గంటలు. చిన్నక్క బతికింది, బిడ్డా క్షేమం. కానీ ఆ అయిదు గంటలు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక పాఠంలోకి వస్తాను. ఆపరేషన్‌కి ముందు గొంతులో ట్యూబు వేయడానికి కండరాలు వదులు కావాలి. దానికి ఇచ్చే ఇంజెక్షన్లలో ఒకటి సక్సినైల్‌కోలిన్. డాక్టర్లు స్కోలిన్ అంటారు. రక్తంలో ఉండే బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్ దాన్ని నిమిషాల్లో విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్ పనిచేయని మనిషిలో మందు గంటల తరబడి అలాగే ఉండిపోతుంది. స్కోలిన్ గానీ, అలాంటి ఒకటి రెండు మందులు గానీ ఇవ్వనంత కాలం ఆ మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. ఇది జబ్బు కాదు. ఈ మాట మళ్లీ చెబుతున్నాను, ఇది జబ్బు కాదు, పెళ్లి సంబంధం చెడగొట్టుకోవాల్సిన విషయం అసలే కాదు.

ఈ ఎంజైమ్ 574 అమైనో ఆమ్లాల గొలుసు. ఒక్కో ఆమ్లానికి ఒక్కో అక్షరం పెట్టి రాసే పద్ధతి మార్గరెట్ డేహాఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పుణ్యం. 1965లో ఆమె అప్పటికి తెలిసిన 65 ప్రోటీన్ల వరుసలను ఒక పుస్తకంగా వేశారు. ఇవాళ మీరు వాడే డేటాబేస్‌లకు అదే పునాది. 2006లో కోయంబత్తూరు భారతియార్ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరికొందరితో కలిసి, మా ఆర్యవైశ్యుల్లో ఈ గొలుసులో 307వ అక్షరం మారి ఉన్నవాళ్లున్నారని రాశారు. ల్యూసిన్‌కి గుర్తు ఎల్, దాని చోట ప్రోలిన్, అంటే పి. జన్యువును రాసే డీఎన్ఏ అక్షరాల్లో ఒక్క టి పోయి సి వచ్చింది, అంతే.

ఆ మార్పు చిన్నదా పెద్దదా? బ్లోసమ్62 పట్టిక తెరిచి చూడండి. ల్యూసిన్ బదులు ఐసోల్యూసిన్ వస్తే ప్లస్ 2. వాలిన్ వస్తే ప్లస్ 1. ప్రోలిన్ వస్తే మైనస్ 3. చుట్టాలైన ప్రోటీన్ల వరుసలను పక్కపక్కన పేర్చి, ఏది దేనికి బదులుగా వస్తోందో లెక్కపెట్టి చేసిన పట్టిక అది. ల్యూసిన్ ఉన్న చోట ప్రోలిన్‌ను ప్రకృతి అరుదుగానే సహిస్తుందని ఆ మైనస్ 3 చెబుతోంది.

ఎందుకు సహించదు? దీనికి జవాబు మన పక్కన మద్రాసులోనే ఉంది. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ఒక పటం గీశారు. ప్రోటీన్ గొలుసులో ప్రతి కణుపు దగ్గరా రెండు కోణాలు తిరుగుతాయి. పరమాణువులు ఒకదాన్నొకటి ఢీకొనకుండా ఏ కోణాలు సాధ్యమో లెక్కకట్టి చూపించారు. ప్రోలిన్‌కి ఆ పటంలో దొరికే చోటు చాలా తక్కువ. దాని కొమ్మ వెనక్కి వంగి గొలుసుకే అతుక్కుంటుంది కాబట్టి ఒక కోణం దాదాపు బిగుసుకుపోతుంది. అలాంటిది తెచ్చి ల్యూసిన్ చోట కూర్చోబెడితే గొలుసు మడత చెడుతుంది, ఎంజైమ్ పనిచేయదు. మా అక్క ఊపిరి ఎందుకు ఆగిందో నాకు ఆ పటం దగ్గరే అర్థమైంది. అప్పటికి నేను ఆ పటాన్ని పదేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను.

ఆల్ఫాఫోల్డ్ సంగతి త్వరగా చెప్పేస్తాను. వరుస ఇస్తే ఆకారం చెప్పడంలో దానికి సాటి లేదు. దాన్ని తయారు చేసిన హసాబిస్, జంపర్‌లకు నోబెల్ సబబే. కానీ 307లో ఎల్ తీసి పి పెట్టి అడిగితే అది పాత ఆకారాన్నే ఇంచుమించు గీసి ఇవ్వొచ్చు. ఒక్క అక్షరం మార్పుకి ప్రోటీన్ నిలుస్తుందా కూలుతుందా అని చెప్పడానికి దాన్ని తయారు చేయలేదు. బొమ్మ అందంగా వచ్చిందని నమ్మేయకండి.

2017లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణాసియా సమూహాల జన్యువులను కంప్యూటర్‌తో పోల్చారు. ఇద్దరి మధ్య ఒకేలా ఉండే పొడవాటి ముక్కలను వెతకడం ఆ పద్ధతి. ఏ సమూహం కొద్దిమంది పూర్వికుల నుంచి పెరిగిందో ఆ ముక్కలు చెబుతాయి. 30 లక్షలకు పైబడిన మేమూ ఆ జాబితాలో ఉన్నాం. ఈ ఎంజైమ్ లోపం మాలో ఇతరుల కన్నా దాదాపు వంద రెట్లు ఎక్కువని అందులో రాశారు. మేనరికం చేసుకోలేదు, గోత్రాలు వేరు, మాకేం కాదు అనుకోకండి. 102 గోత్రాల్లో ఏ రెండైనా సరే, మారిన జన్యువు అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తే చాలు.

ఈ హాల్లో మా వాళ్ల పిల్లలు ఉంటారు. చెయ్యెత్తక్కర్లేదు. ఇవాళ ఇంటికెళ్లి అమ్మమ్మను, నాయనమ్మను అడగండి: ఆపరేషన్ తర్వాత లేవడానికి ఎవరికైనా ఆలస్యమైందా అని. అయిందంటే సూడోకోలినెస్టరేజ్ పరీక్ష చేయించుకోండి. ఈ ఎంజైమ్‌కే అది ఇంకో పేరు. మామూలు రక్తపరీక్షే. చిన్నక్కకి 2009లో చేయించాం. అప్పటి నుంచి ఆమె పర్సులో ఒక చీటీ ఉంటుంది, 'స్కోలిన్ ఇవ్వవద్దు' అని. ఆ చీటీ రాసింది నేనే. 1993లో చెప్పాల్సిన మాట అది.

మధ్యాహ్నం ల్యాబ్ మీకోసం తెరిచి ఉంచుతామన్నారు. ప్రోటీన్ వరుసల డేటాబేస్ యూనిప్రాట్‌లో మనిషి బీసీహెచ్ఈ, అంటే మన ఎంజైమ్, వరుస తీయండి. అక్కడ మొదట్లో తర్వాత తెగిపోయే 28 అక్షరాల సంకేత భాగం కూడా ఉంటుంది కాబట్టి మనకు కావాల్సింది 335వ అక్షరం. వేలు పెట్టి లెక్కపెట్టుకుంటూ వెళ్లండి, ఎల్ కనిపిస్తుంది. నేను వెనక బెంచీలోనే కూర్చుంటాను. ఇంటి సంగతి ఏదైనా ఉంటే అక్కడికొచ్చి నాతో చెప్పండి.