బూడిద చేసిన పని ఇక సున్నంతో చేయాలి
(పాడేరు ప్రాంత కొండ రైతులతో చేసిన ప్రసంగం)

పెద్దలకు, పనులు మానుకుని కొండల మీది ఊళ్ల నుంచి దిగి వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం.

ముందు పోడు గురించి ఒక మాట. పోడు కొట్టిన మొదటి ఏడు చోడి, సామ, కంది ఏది చల్లినా పండేది. రెండో ఏడు ఫర్వాలేదు. ఆ తర్వాత దిగుబడి పడిపోయేది, చోటు మార్చేవారు. దీనికి ఒక పెద్ద కారణం బూడిద. చెట్టూ పుట్టా కాలితే మిగిలే బూడిదలో పొటాష్‌తో పాటు సున్నం కూడా ఉంటుంది. అది నేలలోని పులుపును, అంటే ఆమ్లాన్ని, విరుస్తుంది. కొన్ని వానాకాలాలు గడిస్తే అదీ కొట్టుకుపోతుంది. ఇప్పుడు మీవి కాఫీ తోటలు, పసుపు మడులు, స్థిరమైన పొలాలు. అడవి కాల్చమని నేను చెప్పను, కాల్చకూడదు కూడా. కానీ బూడిద చేసిన ఆ పని ఆగిపోయింది. దాన్ని మనమే చేయాలి.

మన కొండల్లో వాన ఎక్కువ. బొర్రా గుహలు చూడనివారు ఇక్కడ ఉండరనుకుంటాను. బొగ్గుపులుసు వాయువును కలుపుకున్న నీరు సున్నపురాయిని కరిగించి అంత గుహను తొలిచింది. రాయినే కరిగించే నీరు మట్టిలోని కాల్షియాన్ని, మెగ్నీషియాన్ని వదలదు. అవి కిందికి పోయిన కొద్దీ నేల ఆమ్లమవుతుంది. యూరియా, అమ్మోనియం ఎరువులు ఏళ్ల తరబడి వేసినా ఇదే జరుగుతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1856లో మొదలుపెట్టిన పచ్చిక ప్రయోగం నేటికీ సాగుతోంది. అక్కడ అమ్మోనియం సల్ఫేట్ వేస్తూ సున్నం వేయని మడుల్లో నేల విపరీతంగా పులిసి, రకరకాల గడ్డి జాతులకు బదులు రెండు మూడే మిగిలాయి.

భూసార పరీక్షలో పీహెచ్ అనే అంకె ఉంటుంది. 7 అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు. అక్కడి నుంచి ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరిగి వేరును దెబ్బతీస్తుంది. ఇది మీ కంటితోనే చూడవచ్చు. గిడసబారిన కంది మొక్కను వేరు తెగకుండా తవ్వి, నీళ్లలో మెల్లగా జాడించండి. వేరు కొసలు మొద్దుబారి, లావెక్కి, గోధుమ రంగుకు తిరిగి ఉంటే, పీచువేర్లు పలచబడి ఉంటే అనుమానించాలి. వేరు మీది బుడిపెను గోటితో చీల్చండి. లోపల ఎర్రగా ఉంటే గాలిలోని నత్రజని మొక్కకు అందుతున్నట్టు. తెల్లగానో పచ్చగానో ఉంటే అందడం లేదు. పైగా మీరు డబ్బు పోసి కొన్న భాస్వరాన్ని ఈ నేలలోని ఇనుము, అల్యూమినియం పట్టేసుకుంటాయి. బస్తా మీద బస్తా వేసినా మొక్కకు దక్కేది కొంచెమే.

అయితే వేరును చూసి అనుమానించవచ్చు గానీ సున్నం మోతాదు తేల్చలేం. మట్టి పరీక్ష తప్పదు. పొలంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతు గుంట తీసి, గుంట గోడను అడుగు నుంచి పైదాకా సమంగా మట్టి గీకి, అంతా కలిపి, అందులోంచి అర కిలో గుడ్డ సంచిలో పోయండి. గట్టు పక్కన, పెంట కుప్ప కింద, చెత్త కాల్చిన చోట తీయకండి. ఎరువుల బస్తాలో అసలు పోయకండి. ల్యాబ్‌లో పీహెచ్ ఒక్కటే చెబితే సరిపోదు, ఎకరాకు ఎంత సున్నం కావాలో అడగండి. ఒకే పీహెచ్ ఉన్నా ఇసుక నేలకు కొద్దిగా చాలు, బంక నేలకు చాలా ఎక్కువ కావాలి.

ఏ సున్నం? నా మాట అడిగితే మెత్తగా విసిరిన సున్నపురాయి పొడి, లేదా డోలమైట్ అనే రాయి పొడి. డోలమైట్‌లో మెగ్నీషియం కూడా ఉంటుంది, కాబట్టి కాఫీ తోటలకు అది బాగా నప్పుతుంది. పొడి ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా పనిచేస్తుంది, గరుకు ముక్కలు ఏళ్లు పట్టిస్తాయి. కాల్చిన సున్నం చాలా ఘాటు, చేతులూ కళ్లూ కాలుస్తుంది, మోతాదు తప్పితే పంటకూ నష్టమే.

పూర్తి మోతాదు కొని కొండ ఎక్కించడం చాలామందికి భారం. అందుకే శాస్త్రవేత్తలు మరో దారి చూపారు. పొలమంతా చల్లకుండా, విత్తే చాలులోనే హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు, అంటే ఎకరాకు సుమారు 80 నుంచి 160 కిలోలు వేస్తారు. ఏటా వేయాలి, కానీ ఒక్కసారి పెట్టే ఖర్చు తగ్గుతుంది. చిన్న రైతుకు నేను ఇదే చెబుతాను. పొలమంతా చల్లేవారు విత్తడానికి రెండు మూడు వారాల ముందు చల్లి దున్నేయాలి. కాఫీలో ఆకు చెత్త పక్కకు లాగి, తడి నేల మీద చల్లి, మళ్లీ కప్పండి. యూరియా, డీఏపీతో కలిపి మాత్రం వేయకండి. నత్రజని వాయువై గాలిలో కలిసిపోతుంది.

మైదానంలో మీ చుట్టాలుంటే వారికి ఇది చెప్పకండి. పిడుగురాళ్ల బట్టీల సున్నం ఊరూరా వెళ్తుంది గానీ పల్నాడు నల్లరేగడికి సున్నం అవసరం లేదు, ఆ మట్టిలో అది ముందే ఉంది. అక్కడ ఇంకా వేస్తే జింకు, ఇనుము అందక ఆకు పాలిపోతుంది. కారు చౌడు (క్షార) నేలకు కావలసింది జిప్సం. వేరుశనగకు ఊడలు దిగేటప్పుడు వేసేదీ జిప్సమే. జిప్సం కాల్షియం ఇస్తుంది గానీ పులుపు విరవదు. రెండూ తెల్ల పొడులే కాబట్టి దుకాణంలో అడిగి, బస్తా మీద చదివి కొనండి.

సున్నం ఎరువు కాదు, పశువుల ఎరువు మానేయకండి. మొదటి ఏడు పొలమంతా వేయకండి. ఒక మడికి వేసి పక్క మడిని అలాగే వదలండి. విత్తనం, ఎరువు, కలుపు తీత రెండింటికీ ఒకటే ఉండాలి. కోత నాడు రెండు మడుల గింజలూ కలపకుండా విడివిడిగా తూచండి. ఆ తూకం చూశాకే మరుసటి ఏడు సున్నం కొనాలో వద్దో తేల్చుకోండి.