కొత్త ఊరికి మారుతున్నారా? ముందు బడి, తర్వాత ఇల్లు: వరంగల్, హనుమకొండ, కాజీపేటలకు వచ్చే తల్లిదండ్రుల కోసం

[తెరపై: కాజీపేట జంక్షన్ బయట ఉదయం రద్దీ. స్కూలు వ్యాన్లు, ఆటోలు, సైకిళ్ల మీద పిల్లలు.]

నమస్కారం. రైల్వే, బ్యాంకు, సింగరేణి, విద్యుత్ సంస్థల బదిలీల వల్లనో, ఎంజీఎం ఆసుపత్రిలోనో ఎన్ఐటీలోనో కొత్త కొలువు దొరకడం వల్లనో ఏటా ఎన్నో కుటుంబాలు ఈ మూడు ఊళ్లకు వస్తుంటాయి. వచ్చేవారిలో ఎక్కువమంది ముందు అద్దె ఇల్లు చూసుకుంటారు, సామాను దింపుకుంటారు, ఆ తర్వాత పిల్లల బడి గురించి ఆరా తీయడం మొదలుపెడతారు. ఈ వరుసను తిరగేయమని చెప్పడానికే ఈ వీడియో చేస్తున్నాను. పాత ఊళ్లో తీసుకోవలసిన కాగితాలు మొదట, బడి ఆ తర్వాత, ఇల్లు చివర. ఇల్లు నచ్చకపోతే పదకొండు నెలల తర్వాత మారవచ్చు. బడిని అంత సులువుగా మార్చలేము, మార్చినప్పుడల్లా ఆ బరువు పిల్లల మీదే పడుతుంది.

[తెరపై: ఒక ఖాళీ టీసీ ఫారం. కెమెరా ఒక్కో గడి మీదుగా నెమ్మదిగా కదులుతుంది.]

కాగితాలతో మొదలుపెడదాం. ఊరు దాటాక మళ్లీ సంపాదించడం కష్టమయ్యేవి అవే. ఉన్నత పాఠశాల నుంచి వెళ్లేవారికి టీసీ ఇస్తారు, ప్రాథమిక పాఠశాల నుంచి వెళ్లేవారికి మన దగ్గర రికార్డ్ షీట్ ఇస్తారు. చేతికి రాగానే మడిచి ఫైలులో పెట్టేయకుండా, ఆఫీసు గదిలో నిలబడే ప్రతి గడీ చదవండి. పిల్లవాడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అంకెల్లోనూ అక్షరాల్లోనూ, పుట్టుమచ్చలు, ప్రస్తుతం చదువుతున్న తరగతి, పై తరగతికి అర్హత ఉందో లేదో తెలిపే గడి, మొదటి భాష, బడి మానిన తేదీ, ప్రధానోపాధ్యాయుల సంతకం, గుండ్రటి ముద్ర. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి టీసీలో ఒక్క పొడి అక్షరమే ఉంటే, ఆ చిన్న తేడా పదో తరగతి మెమో దాకా వెంటాడుతుంది. పాత బడిలో అడ్మిషన్ రిజిస్టరు పక్కనే ఉంటుంది కనుక దాన్ని అక్కడే సరిచేయించుకోవడం తేలిక. వేరే రాష్ట్రం నుంచి వస్తున్నవారు టీసీ మీద అక్కడి విద్యాధికారి కౌంటర్ సంతకం కూడా చేయించుకుని రండి. వందల కిలోమీటర్ల దూరం నుంచి ఆ సంతకం తెప్పించుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో కాగితం బోనఫైడ్, అంటే ఏ తరగతి ఏ సంవత్సరంలో ఆ బడిలో చదివారో తెలిపే స్టడీ సర్టిఫికెట్. దీన్ని చాలామంది పట్టించుకోరు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం, తెలంగాణ ప్రభుత్వోద్యోగాల్లో స్థానికతను ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి తేలుస్తారు. మంచిర్యాలలో మూడో తరగతి దాకా చదివి హనుమకొండలో నాలుగులో చేరిన పిల్ల, పదిహేనేళ్ల తర్వాత ఉద్యోగ దరఖాస్తు నింపేటప్పుడు రెండు ఊళ్ల సర్టిఫికెట్లూ కావలసి వస్తుంది. ఉద్యోగ నియామకాల కోసం రాష్ట్రాన్ని విభజించిన జోన్లలో మంచిర్యాల కాళేశ్వరం జోన్‌లో ఉంది, హనుమకొండ, వరంగల్ జిల్లాలు భద్రాద్రి జోన్‌లో ఉన్నాయి. చిన్న ప్రైవేటు బడులు కొన్నేళ్లకు మూతపడుతుంటాయి, అప్పుడు రికార్డులు వెతికి తీయడం పెద్ద పని అవుతుంది. అందుకే బడి మానిన రోజే బోనఫైడ్ తీసుకోండి, రెండు ప్రతులు తీసుకున్నా తప్పు లేదు.

మూడోది కాగితం కాదు, నంబరు. బడులు, విద్యార్థుల వివరాలుండే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత విద్యా సంఖ్య ఉంటుంది. చాలామందికి ఇప్పుడు దేశమంతటా ఒకటే ఉండే 12 అంకెల విద్యార్థి గుర్తింపు సంఖ్య, అపార్ ఐడీ కూడా వచ్చింది. టీసీ ఇచ్చినంత మాత్రాన ఆన్‌లైన్‌లో పేరు తొలగిపోదు. పాత బడి మీ పిల్లల పేరును పోర్టల్‌లో డ్రాప్ బాక్స్‌లోకి, అంటే బడి వదిలినవారి జాబితాలోకి పంపితేనే కొత్త బడి దాన్ని తమ జాబితాలోకి తీసుకోగలుగుతుంది. కనుక పెన్ నంబరు రాసిపెట్టుకోండి, పేరు డ్రాప్ బాక్స్‌లో పెట్టమని పాత బడిలో గట్టిగా అడగండి.

[తెరపై: మూడు పట్టణాల పటం. జిల్లా సరిహద్దు ఎర్రటి గీతగా కనిపిస్తుంది.]

ఇక ఊరి సంగతి. వరంగల్, హనుమకొండ, కాజీపేట ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే నగరంగా కనిపిస్తాయి, ఒకే నగరపాలక సంస్థ కింద ఉన్నాయి. అయితే 2021 ఆగస్టు నుంచి జిల్లాలు మాత్రం వేరు. అంతకుముందు వరంగల్ అర్బన్ అన్నది హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ అన్నది వరంగల్ జిల్లా అయింది. కాజీపేట, హసన్‌పర్తి వైపు బడులు హనుమకొండ డీఈఓ, అంటే జిల్లా విద్యాధికారి పరిధిలోకి వస్తాయి. కరీమాబాద్, రంగశాయిపేట, మామునూరు వైపు బడులు వరంగల్ డీఈఓ పరిధిలోకి వస్తాయి. ఫిర్యాదు చేయాలన్నా, కౌంటర్ సంతకం కావాలన్నా ఏ కార్యాలయానికి వెళ్లాలో ముందే తెలిస్తే ఒక పూట తిరుగుడు తప్పుతుంది. మండల స్థాయిలో ఎంఈఓ, అంటే మండల విద్యాధికారి ఉంటారు. చాలా పనులు అక్కడే తేలిపోతాయి.

కాలెండరు కూడా చూసుకోవాలి. రాష్ట్ర సిలబస్ బడులు ఏప్రిల్ చివరి వారంలో మూసి సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. సీబీఎస్ఈ బడుల్లో చాలావరకు కొత్త తరగతులను ఏప్రిల్‌లోనే మొదలుపెడతాయి. మే నెలలో వచ్చి సీబీఎస్ఈలో చేరేవారికి కొన్ని పాఠాలు అప్పటికే దాటిపోయి ఉంటాయి. ప్రభుత్వ బడుల్లో చేర్పించాలనుకునేవారికి జూన్ మొదటి వారాల్లో జరిగే ఆచార్య జయశంకర్ బడిబాట మంచి అదను, ఎందుకంటే అప్పుడు ఉపాధ్యాయులే వీధుల్లోకి వచ్చి పిల్లలను చేర్చుకుంటారు. జయశంకర్ సారు ఈ నేల బిడ్డ కాబట్టి ఆ పేరు ఇక్కడివారికి మరింత దగ్గరగా అనిపిస్తుంది.

చదువు మధ్యలో, అంటే ఆగస్టులోనో డిసెంబరులోనో బదిలీ వస్తే సీట్లు లేవంటారని భయపడేవారున్నారు. ఇక్కడ చట్టం పిల్లల పక్షాన ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను గడువు దాటిందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలలకు మారేవారి విషయంలో టీసీ రావడం ఆలస్యమైందన్నది చేరికను ఆపడానికి కారణం కాకూడదని ఐదో సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. అడిగిన వెంటనే టీసీ ఇవ్వాల్సిన బాధ్యత పాత బడి ప్రధానోపాధ్యాయులది. ఫీజు బాకీ ఉందని టీసీ ఆపి పెడితే ఎంఈఓకు, డీఈఓకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, దరఖాస్తు మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. పెద్దల మధ్య లెక్కలు తేలేదాకా పిల్లలు ఇంట్లో కూర్చోవడం అన్యాయం. నేను ఈ విషయంలో ఏ మినహాయింపునూ ఒప్పుకోను.

పెద్దపల్లి జిల్లా ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వలస వచ్చే కుటుంబాల పిల్లలకూ ఈ హక్కు ఇంతే సమానంగా ఉంది. వాళ్లకు టీసీ, ఆధార్, తెలుగు ఏవీ ఉండకపోవచ్చు; అయినా చట్టంలోని నాలుగో సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. మీ ఇంటి పక్కన నిర్మాణం జరిగే చోట బడి ఈడు పిల్లలు కనిపిస్తే, దగ్గరలోని ప్రధానోపాధ్యాయులకు ఒక మాట చేరవేయండి.

[తెరపై: ఒక పాఠశాల గోడ మీద పెద్ద అక్షరాల బోర్డు. తర్వాత ఆఫీసు గదిలో ఫ్రేము కట్టించిన గుర్తింపు పత్రం.]

బడి ఎంపికలో మొదట చూడాల్సింది గుర్తింపు. టెక్నో, ఒలింపియాడ్ వంటి పేర్లు ఏ బోర్డునూ సూచించవు. వాటిలో చాలాచోట్ల చదివించేది రాష్ట్ర సిలబస్సే, పిల్లలు రాసేది ఎస్సెస్సీ పరీక్షే. సీబీఎస్ఈ అని చెప్పే చోట అఫిలియేషన్ నంబరు అడిగి బోర్డు వెబ్‌సైటులో సరిచూడండి. "సీబీఎస్ఈ సిలబస్" అని రాసుకోవడం వేరు, అనుబంధం ఉండటం వేరు. రాష్ట్ర గుర్తింపు ఉన్న ప్రైవేటు బడిలోనైనా ఆ గుర్తింపు ఏ తరగతి వరకు, ఏ సంవత్సరం వరకు ఉందో చదవాలి. ఏడో తరగతి వరకే అనుమతి తీసుకుని పదో తరగతి దాకా నడిపే బడులలో పిల్లల పేర్లు పరీక్షల సమయంలో మరో బడి పేరిట వెళతాయి. ఆ సంగతి తల్లిదండ్రులకు హాల్‌టికెట్ వచ్చాకే తెలుస్తుంది. ఇక చేర్చుకోవడానికి పిల్లలకు పరీక్ష పెట్టడం, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేయడం, డొనేషన్ అడగడం విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్‌కు విరుద్ధం. డొనేషన్‌కు దానికి పది రెట్ల వరకు, ప్రవేశ పరీక్షకు మొదటిసారి 25,000 రూపాయల వరకు జరిమానా ఉంది.

వెళ్లి చూసేటప్పుడు రిసెప్షన్ గదిలో కూర్చుని వచ్చేయకండి. మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లండి. పిల్లలు చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర నీళ్లు వస్తున్నాయా, ఆడపిల్లల టాయిలెట్ తలుపుకు లోపల గడియ ఉందా, ఆట స్థలంలో నిజంగా ఎవరైనా ఆడుతున్నారా, మీ పిల్లలు కూర్చోబోయే తరగతిలో నోటు పుస్తకాలను టీచరు దిద్దిన గుర్తులున్నాయా అన్నవి చూస్తే, రంగుల కరపత్రం చెప్పని విషయాలు పది నిమిషాల్లో తెలిసిపోతాయి.

ప్రభుత్వ బడులను చూడకుండానే కొట్టిపారేయకండి. ఇప్పుడు వాటిలో పదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, పాఠ్యపుస్తకాలు ఒక పక్క ఇంగ్లిష్, ఎదురు పక్క తెలుగుతో వస్తున్నాయి, కొత్త మీడియంలోకి మారే పిల్లకు ఇంతకంటే మంచి సాయం మరొకటి లేదు. హనుమకొండలో మర్కజీ, లష్కర్ బజార్ బాలికల ఉన్నత పాఠశాలల వంటి పాత బడులు ఉన్నాయి. వెళ్లి ఉపాధ్యాయులతో మాట్లాడి నిర్ణయించుకోండి. ఉర్దూ మాధ్యమం కావాలంటే వరంగల్‌లో బడులున్నాయి.

కేంద్రీయ విద్యాలయం కడిపికొండలో ఉంది. బదిలీ అయ్యే కేంద్ర ఉద్యోగులకు అందులో ప్రాధాన్యం ఉంటుంది, గడిచిన ఏడేళ్లలో అయిన బదిలీల సంఖ్య లెక్కలోకి వస్తుంది కాబట్టి బదిలీ ఉత్తర్వుల నకళ్లన్నీ దాచుకోండి. నవోదయ విద్యాలయం మామునూరులో ఉంది. ఆరో తరగతి ప్రవేశ పరీక్ష రాయాలంటే ఐదో తరగతి అదే జిల్లాలో చదువుతుండాలి. ఐదో తరగతి మధ్యలో జిల్లా మారితే ఆ అవకాశం చేజారవచ్చు. అలాగే గురుకులాల ఐదో తరగతి ప్రవేశ పరీక్షను నాలుగో తరగతిలో ఉండగానే రాయాలి. ఇంట్లో నాలుగు, ఐదు తరగతుల పిల్లలుంటే ఊరు మారే తేదీని ఈ రెండింటితో పోల్చుకుని నిర్ణయించడం మంచిది.

ఇతర రాష్ట్రాల నుంచి వచ్చేవారు భాష గురించి అడుగుతారు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి. తెలుగు ఇంటి భాష కాని పిల్లల కోసం సీబీఎస్ఈ వంటి బోర్డుల తొమ్మిది, పది తరగతులకు "వెన్నెల" అనే తేలికపాటి వాచకం తెచ్చారు. చేరేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

అన్నిటికంటే జాగ్రత్త కావాల్సింది తొమ్మిది, పది తరగతులు. సీబీఎస్ఈలో ఆ రెండూ కలిసి రెండేళ్ల కోర్సు కనుక పదిలో నేరుగా చేర్చుకోవడం సాధారణంగా కుదరదు. తల్లిదండ్రుల బదిలీ వంటి కారణాలుంటే ఆధారాలతో బోర్డు అనుమతి తీసుకోవాలి. రాష్ట్ర సిలబస్‌లో పది మధ్యలో మారితే పాత బడిలో రాసిన ఎఫ్ఏ (ఏడాది మధ్యలో బడిలోనే జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్) మార్కుల వివరాలను ప్రధానోపాధ్యాయుల సంతకంతో వెంట తీసుకురావాలి. నా అభిప్రాయం అడిగితే, పదో తరగతి పిల్లను వీలైతే ఆ ఏడాది కదిలించకండి. అమ్మమ్మ ఇంట్లోనో, బాబాయి ఇంట్లోనో ఉంచగలిగితే కుటుంబానికి ఒక ఏడాది ఇబ్బంది, పిల్లకు మాత్రం నిశ్చింత.

[తెరపై: వాన పడుతున్న వీధి, స్కూలు వ్యాను, గొడుగుల కింద పిల్లలు.]

బడి ఖాయమయ్యాక ఇల్లు చూడండి. పటంలో దగ్గరగా కనిపించినా, ఉదయం ఎనిమిదిన్నరకు ఫాతిమానగర్ వంతెన మీదుగా కాజీపేట నుంచి హనుమకొండకు రావడం వేరే సంగతి. ఆ వేళకు ఒకసారి ప్రయాణం చేసి చూడాలి. 2023 జూలై వరదల్లో నయీంనగర్ నాలా పరిసరాలు, హంటర్ రోడ్డు వైపు కాలనీలు నీట మునిగాయి కాబట్టి, వానాకాలంలో ఆ వీధి సంగతేమిటో ఇంటి యజమానిని కాక పక్కింటివారిని అడగండి. స్కూలు బస్సుల ఫిట్‌నెస్ పత్రాలు ఏటా మే నెలలో ముగుస్తాయి; జూన్‌లో బస్సు ఎక్కించే ముందు కొత్త ఫిట్‌నెస్ అయిందా అని అడగడం మీ హక్కు. ఆటోలో పంపేవారు డ్రైవరు పక్కన పిల్లలను కూర్చోబెట్టనివ్వకండి.

చేరిన నెల రోజులకు కొత్త బడి ఆఫీసుకు వెళ్లి, యూడైస్‌లో పిల్లల పేరు ఇక్కడికి మారిందా అని చూపించమనండి. ఇంకా పాత బడి పేరుతోనే ఉంటే, పెన్ నంబరు, టీసీ నకలు జతచేసి పాత బడికి ఒక ఉత్తరం పంపి, దాని ప్రతిని ఇక్కడి ఎంఈఓ కార్యాలయంలో ఇవ్వండి.