మెనూ డిస్క్ ముచ్చట: కట్నాల బటన్ ఎక్కడ పెట్టాలి?

బామ్మర్ది: నమస్తే. నల్లగొండ నుంచి మళ్లీ మేమే, బావ, బామ్మర్ది. పోయినసారి మాటిచ్చినట్టే ఇవాళ విషయం, కంప్యూటర్లో పడున్న వీడియో ఫైళ్లతో మెనూ ఉన్న డీవీడీని ఇంట్లోనే ఎట్లా చేసుకోవాలి. బావా, మొదలుపెట్టు.

బావ: అంతకుముందు ఒక మాట. మేం పాత ఎపిసోడ్లో చెప్పిన మిర్యాలగూడ పెళ్లి కెమెరా లైటు బల్బు గురించి దయచేసి ఇంకెవరూ మెసేజ్ పెట్టకండి. ఆ సంగతి అయిపోయింది.

బామ్మర్ది: అయిపోలేదు.

బావ: అయిపోయింది. సరే, చండూరు నుంచి ఒకాయన అడిగాడు. తన పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను ఎవరితోనో ఎంపీ4 చేయించుకున్నాడు. దాన్ని ఖాళీ డీవీడీలోకి కాపీ కొట్టి, వాళ్ల నాయన ఇంట్లో ఉన్న పాత ప్లేయర్లో పెడితే ‘నో డిస్క్’ అంటోందట. అనదా మరి? ఈయన రాసింది డేటా డిస్క్. ఆ ప్లేయర్‌కు తెలిసింది డీవీడీ వీడియో ఒక్కటే.

బామ్మర్ది: తేడా ఏంది?

బావ: డిస్క్ తెరిస్తే వీడియో_టీఎస్ అనే ఫోల్డర్ కనిపించాలి. అందులో మూడు రకాల ఫైళ్లుంటాయి. వీఓబీల్లో బొమ్మ, సౌండ్, మెనూ అన్నీ కలిసి ఉంటాయి. ఒక్కోటి 1 జీబీ దాటదు, దాటితే ముక్కలవుతుంది. ఏ ముక్క ఎక్కడ మొదలవుతుందో, దేని తర్వాత ఏది రావాలో ఐఎఫ్‌ఓలో రాసి ఉంటుంది. బీయూపీ దాని నకలు, గీతలు పడ్డ రోజు పనికొస్తుంది. వీడియో ఎంపెగ్-2 అనే డీవీడీ రకంలోకి మారాలి. మన దగ్గర టీవీ పద్ధతి పాల్ కాబట్టి 720 బై 576, సెకనుకు 25 ఫ్రేములు. సౌండ్ 48 కిలోహెర్ట్జ్, ఏసీ3 అనే రకం అయితే మంచిది. ఈ మార్పులన్నీ సాఫ్ట్‌వేరే చేస్తుంది, మనం పాల్ అని టిక్ పెట్టడం మరవకపోతే చాలు.

బామ్మర్ది: ఇదంతా ఎందుకు బావా? పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి గుచ్చితే అయిపోయే పనికి...

బావ: గుచ్చడానికి ఆ టీవీకి సందుంటే గుచ్చేవాడే. అది డబ్బా టీవీ. డబ్బా టీవీ అన్నావు కాబట్టి చెప్తున్నా, అంచు.

బామ్మర్ది: వచ్చింది. ఇంకా నేను అనలేదు, నువ్వే అన్నావు.

బావ: ఎవరు అంటే ఏంది? పిక్చర్ ట్యూబు టీవీ బొమ్మను పూర్తిగా చూపించదు. నాలుగు వైపులా కొంత మింగేస్తుంది. అందుకే మెనూలో అక్షరం అనేది ఏదైనా సరే, అంచు నుంచి పదో వంతు లోపలికి ఉండాలి. 720 వెడల్పులో ఇటు 72, అటు 72 పిక్సెళ్లు వదిలేయాలి. కంప్యూటర్లో చూస్తే బ్రహ్మాండంగా ఉంటుంది. ఊరికి పోయి పెడితే ‘అప్పగింతలు’ కాస్తా ‘ప్పగింత’ అవుతుంది.

బామ్మర్ది: [నవ్వు] సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పు ముందు.

బావ: డీవీడీ స్టైలర్. ఫ్రీ. విస్టాలో, విండోస్ 7లో విండోస్ డీవీడీ మేకర్ అని లోపలే వచ్చేది, 8 నుంచి తీసేశారు. మా షాపులో అయితే నీరో వాడేవాళ్లం. ఏది వాడినా పని ఒకటే. ఫైళ్లు వేయాలి, మెనూ గీయాలి, బటన్లను కలపాలి, బర్న్ కొట్టాలి, అంటే డిస్క్ మీద రాయాలి. అసలు తలనొప్పి సాఫ్ట్‌వేర్‌తో రాదు. మెనూలో ఏముండాలనే దగ్గరే వస్తుంది.

బామ్మర్ది: అదేముంది, ‘ప్లే’ అని ఒక బటన్, ‘సీన్స్’ అని ఇంకొకటి.

బావ: పెళ్లి వీడియోకు సీన్స్ ఏందిరా? పెళ్లి అంటే ఎదుర్కోళ్లు, జీలకర్ర బెల్లం, పుస్తెమట్టెలు, తలంబ్రాలు, కట్నాలు, భోజనాలు, అప్పగింతలు, బరాత్. ఎనిమిది బటన్లు. డీవీడీ లెక్క ప్రకారం ఒక పేజీలో 36 దాకా పెట్టొచ్చు గానీ, డబ్బా టీవీలో ఎనిమిది దాటితే కళ్లజోడు ఉన్నోళ్లు కూడా చదవలేరు.

బామ్మర్ది: ఆగు ఆగు. కట్నాలా? కట్నాలు చదివించేదానికి బటనా?

బావ: అవును.

బామ్మర్ది: బావా, అది మైకులో ఒకాయన గొంతు పోయేదాకా పేర్లు చదివే ముక్క. ‘ఫలానా ఊరు, ఫలానా వారు, 116 రూపాయలు, స్టీలు బిందె.’ ఎవరు చూస్తారు దాన్ని? నన్నడిగితే మొత్తం కట్ చేసి పాట వేసేస్తా.

బావ: కట్ చేసి చూడు, తెలుస్తుంది. క్యాసెట్ల కాలంలో గడియారం సెంటర్ దగ్గర మిక్సింగ్ చేసినోణ్ని నేను. పార్టీ వచ్చి కూర్చుని చూసేటప్పుడు అప్పగింతల్లో ఏడుపు తగ్గించమన్నోళ్లు ఉన్నారు, బరాత్ సగం తీసేయమన్నోళ్లు ఉన్నారు. కట్నాల మీద చెయ్యి వేయనిచ్చినోడు ఒక్కడూ లేడు.

బామ్మర్ది: దానికి పుస్తకం ఉంటుంది గదా, రాసిపెట్టుకుంటారు.

బావ: ఆ పుస్తకం ఎక్కడుంటుంది పదేళ్లయ్యాక? చెదలు తింటాయి, లేకపోతే అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు ఎవరో ఒకరి ట్రంకు పెట్టెలోకి పోతుంది. వాళ్లింట్లో పిల్ల పెళ్లికి నువ్వు పోవాల్సి వచ్చినప్పుడు, వాళ్లు మనకేం పెట్టారో చూడకుండా పోతావా? తక్కువ పెడితే మాట, ఎక్కువ పెడితే ఇంట్లో మాట. అందుకే క్యాసెట్ పెట్టి, ముందుకు తిప్పి తిప్పి ఆ పేరు వచ్చేదాకా వెతికేవాళ్లు. ఆ తిప్పుడుకు టేపు నలిగిపోయి, సరిగ్గా కట్నాల దగ్గరే గీతలొచ్చేవి. అరిగిపోయిన చోటు చూసి చెప్పొచ్చు, ఇంట్లో ఏది ఎక్కువ చూశారో.

బామ్మర్ది: అరె, అది నిజమే. మా ఇంట్లో క్యాసెట్ కూడా...

బావ: ఇప్పుడు డీవీడీలో చాప్టర్ అనేది ఉంది, వీడియో మధ్యలోకి నేరుగా దూకేందుకు పెట్టుకునే గుర్తు. ఒక టైటిల్‌కు, అంటే ఒక వీడియోకు, 99 దాకా. ఊరికొక చాప్టర్ పెట్టు నువ్వు. నకిరేకల్ వాళ్లు, హాలియా వాళ్లు, దేవరకొండ వాళ్లు. కట్నాల బటన్ నొక్కితే ఊళ్ల పేర్లతో ఇంకో పేజీ రావాలి. ఊరు నొక్కితే నేరుగా ఆ ఊరి వాళ్ల దగ్గరికి పోవాలి.

బామ్మర్ది: అసలు గొడవలు పెట్టించే డిస్క్ అది. పాజ్ కొట్టి కవర్ మందం చూస్తారు.

అక్క: [వంటింట్లోంచి] చూస్తే తప్పేంది?

బామ్మర్ది: అక్కా, రికార్డింగ్ నడుస్తుంది.

అక్క: నడవనీ. మా పెళ్లి క్యాసెట్‌లో కూడా ఉన్నాయి కట్నాలు. దాన్ని ఫైల్ చేసి పెట్టిండు గదా మీ బావ. ఆ ఉంగరం సంగతి చూడమను.

బావ: ఇప్పుడు అదెందుకు?

అక్క: మీ పెద్దక్కా వాళ్లు అర తులం ఉంగరం అని మైకులో చదివించారు. నేను ఎన్నిసార్లు పాజ్ కొట్టినా డబ్బానే కనిపిస్తుంది, ఎర్ర డబ్బా. మూత తీసిందే లేదు.

బావ: కెమెరా అటు తిరిగింది అప్పుడు.

అక్క: కెమెరా ఎటు తిరిగింది? మీ మామయ్య పంచె మీదికి తిరిగింది. అంత సేపూ పంచె అంచే.

బామ్మర్ది: ఇగో, అంచు. బావా, నీ అంచే.

బావ: నవ్వకు. మా అక్క అట్లాంటిది కాదు.

అక్క: నేను ఆమెను ఏమన్నా అన్నానా? డబ్బా కనిపించింది అన్నా, అంతే. వాళ్ల పిల్ల పెళ్లికి మనం అర తులం పెట్టినం. అది మాత్రం వాళ్ల వీడియోలో మూత తీసి మరీ చూపించారు.

బావ: ...

బామ్మర్ది: సరే అక్కా, టీ పెట్టరాదూ?

అక్క: నువ్వే పెట్టుకో, తమ్ముడా.

బామ్మర్ది: [గొంతు సవరించుకుని] శ్రోతలకు, ఈ భాగం ఎడిట్ చేస్తానని బావకు చెప్తాను గానీ చేయను. బావా, నేను మాట మారుస్తున్నా. కట్నాలకు బటన్ ఉండాల్సిందే. నేను ఒప్పుకుంటున్నా.

బావ: ఇప్పుడు ఒప్పుకుంటావా? నేనే వద్దంటున్నా ఇప్పుడు.

బామ్మర్ది: [నవ్వు]

బావ: కాదు, నిజంగానే. తీసెయ్. ఏడు బటన్లు.

బామ్మర్ది: భోజనాల బటన్ ఉంచుతావా?

బావ: అది ఎట్లా తీస్తా? బంధువుల మొహాలన్నీ ఒకచోట దొరికేది బంతిలోనే. మండపంలో కెమెరా అంతసేపూ పిల్ల మీద, పిలగాడి మీద ఉంటుంది. బంతి దగ్గర మాత్రం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒక్కో ఆకు ముందు ఆగుతూ పోతాడు కెమెరా అన్న. ముద్ద నోట్లో ఉన్నప్పుడు లైటు కొడతాడు, వాళ్లు తల వంచేసుకుంటారు. ఆ లైటు వేడికి...

బామ్మర్ది: మిర్యాలగూడ బల్బు.

బావ: ఆపు. డిస్క్ గురించి మాట్లాడదాం. ఎక్కడున్నాం?

బామ్మర్ది: ఎక్కడా లేం. నిడివి గురించి చెప్పు. ఆ చండూరు ఆయన క్యాసెట్ మూడు గంటలట.

బావ: మామూలు డీవీడీ 4.7 జీబీ. కంప్యూటర్ దాన్నే 4.37 అని చూపిస్తుంది. మోసం చేశారని షాపాయనతో కొట్లాడకండి, లెక్కించే పద్ధతి వేరు. రెండు గంటల వీడియో అందులో పట్టాలంటే సెకనుకు సుమారు 5 మెగాబిట్లు, బొమ్మా సౌండూ కలిపి. మూడు గంటలంటే మూడున్నర మెగాబిట్లు కూడా రావు. క్యాసెట్ బొమ్మలో చుక్కలు ఎక్కువ, ఆ చుక్కలే బిట్లు తినేస్తాయి. తర్వాత తలంబ్రాల దగ్గర బియ్యం గింజలు కనబడవు, గళ్లు గళ్లుగా అయిపోతుంది. అందుకని రెండు డిస్కులు చేసుకోమంటా. పుస్తెమట్టెల దాకా ఒకటి, ఆ తర్వాత ఒకటి.

బామ్మర్ది: వీసీడీలప్పుడు మూడయ్యేవి.

బావ: వీసీడీ అంటే 74 నిమిషాలు గదా. బొమ్మ కూడా 352 బై 288, పావు వంతు. దానికీ మెనూ ఉండేది తెలుసా? రిమోట్ మీద పీబీసీ అని ఒక బటన్ ఉండేది, ఎవరికీ అర్థమయ్యేది కాదు. అది నొక్కి, తెర మీద కనిపించే అంకె కొడితే ఆ పాటకు పోయేది. జనం అది తెలియక మూడో పాట కోసం మొదటి రెండూ వినేవాళ్లు.

బామ్మర్ది: తెలుగు అక్షరాల గురించి ఒకామె అడిగింది. మెనూలో ‘ఎదుర్కోళ్లు’ అని కొడితే ళ కింద వత్తు పక్కకు పోతోందట.

బావ: మెనూ సాఫ్ట్‌వేర్లో నేరుగా కొట్టొద్దు. పేజ్‌మేకర్‌లో అను ఫాంటుతోనో, ఫోన్లో ఏదన్నా పోస్టర్ యాప్‌లోనో మొత్తం మెనూను ఒక బొమ్మగా చేసుకోవాలి. దాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా వేసి, పేర్ల మీద ఖాళీ బటన్లు పరవాలి. బటన్ వెలిగినప్పుడు వచ్చే రంగు ఒక సన్న పొర, దానికి నాలుగే రంగులు. మెరుపులూ తళుకులూ పెట్టాలని చూడకండి, రావు. పేరు కింద ఒక పసుపు గీత చాలు.

బామ్మర్ది: పసుపు గీతేనా? [నవ్వు]

బావ: అదే చాలు. ఇంకో సంగతి, బొమ్మను 720 బై 576లో గీస్తే గుండ్రటి పూలదండ గుడ్డు అయిపోతుంది. డీవీడీ పిక్సెల్ చదరంగా ఉండదు. డబ్బా టీవీకైతే 768 బై 576లో గీసి, ఆఖర్న 720కి నొక్కాలి. వెడల్పు టీవీకైతే 1024 బై 576. గీసేటప్పుడు...

బామ్మర్ది: అంచు వదలాలి.

బావ: వదలాలి. నువ్వు నవ్వినా వదలాలి.

బామ్మర్ది: బాణం బటన్ల సంగతి? కిందికి నొక్కితే పక్కకు పోతుంది నాకు.

బావ: ప్రతి బటన్‌కు పైకి, కిందికి, ఎడమకు, కుడికి నొక్కితే ఎక్కడికి పోవాలో విడిగా రాసి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను పెట్టేది సగంసార్లు తిక్కగా ఉంటుంది. రెండు వరుసలు పెట్టావంటే చేత్తో సరిచేసుకోవాలి. అట్లాగే టైటిల్ అయిపోయాక మళ్లీ మెనూకు రావాలని కూడా పెట్టాలి. పెట్టకపోతే బరాత్ అయిపోయాక నల్ల తెర పడుతుంది, ముసలాయన ప్లేయర్ చెడిపోయిందని ఫోన్ చేస్తాడు.

బామ్మర్ది: బర్న్ స్పీడు?

బావ: మరీ వేగంగా వద్దు, 4ఎక్స్ చాలు. ముందు ఫోల్డర్‌గా తయారు చేసి కంప్యూటర్లో వీడియో చూసే వీఎల్‌సీలో పెట్టి ప్రతి బటన్ నొక్కి చూడండి. వీలుంటే చెరిపి మళ్లీ రాసుకునే ఆర్‌డబ్ల్యూ డిస్క్ మీద రాసి, అసలు ప్లేయర్లోనే చూడాలి, ఎందుకంటే వీఎల్‌సీ...

బామ్మర్ది: అంచు చూపించేస్తుంది కాబట్టి.

బావ: అదే. డిస్క్ మీద కాగితం స్టిక్కర్ అంటించొద్దు, బరువు ఒకవైపు లాగి ఊగుతుంది. మార్కర్‌తో రాయండి, బాల్‌పెన్నుతో వద్దు.

అక్క: [వంటింట్లోంచి] మన డిస్క్ ఎప్పుడు చేస్తారు?

బావ: ఏ డిస్క్?

అక్క: మన పెళ్లిది. ఎనిమిది బటన్లది.

బావ: ఏడు.

అక్క: ఎనిమిది.

బామ్మర్ది: బావా, ఫోన్ వీడియోల గురించి చెప్పలేదు. అందులో ఫ్రేములు ఒకసారి 30, ఒకసారి 27 అవుతుంటాయి గదా, దాన్ని 25కి తెచ్చేటప్పుడు సౌండ్ వెనకబడుతుందని...

బావ: చెప్తా. దానికి హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్లో కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ అని... ఆగు, ఆ చప్పుడేంది?

అక్క: ట్యాంకు నిండి గోడ మీద పడుతుంది! మోటారు బంద్ చేయమని ఎప్పటి నుంచి చెప్తున్నా?

బావ: నాకెప్పుడు చెప్పావు?

బామ్మర్ది: బావ ఉరుకుతున్నాడు. హ్యాండ్‌బ్రేక్ సంగతి వచ్చేసారి. రికార్డింగ్ ఆపుతున్నా, కింద వైర్లన్నీ నేల మీదే ఉన్నాయి.