కాగితం నుంచి నోటికెక్కిన జర్మన్

సభకు నమస్కారం.

జర్మన్ భాష గురించి మాట్లాడమన్నారు. వ్యాకరణం జోలికి పోను. మూడు లింగాలు, నాలుగు విభక్తులు అనగానే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. ఫ్రెంచికి పారిస్ ఉంది, ఇంగ్లీషుకు లండన్ ఉంది. జర్మన్‌కు అలాంటి రాజధాని లేదు. 1871 దాకా జర్మనీ అనే ఏకదేశమే లేదు. మరి అందరికీ ఒక ప్రామాణిక భాష ఎలా అమిరింది? ముందు కాగితం మీద అమిరింది, నోటికి చాలా ఆలస్యంగా ఎక్కింది.

సుమారు ఆరో శతాబ్దం నుంచి జర్మన్ నేల దక్షిణాదిలో కొన్ని హల్లులు మారుతూ వచ్చాయి. ఉత్తర మైదానాలకు ఆ మార్పు పాకలేదు. నీళ్లను దక్షిణాన ‘వాసర్’ అంటే ఉత్తరాన ‘వాటర్’ అనేవారు. ఆ ఉత్తరాది భాష చిన్నదేమీ కాదు. ల్యూబెక్ రేవు మొదలుకొని బాల్టిక్ తీరం పొడవునా హన్సా అనే వర్తక నగరాల కూటమి ఒప్పందాలు, ఉత్తరాలు అందులోనే నడిచాయి.

1522 సెప్టెంబరులో మత సంస్కర్త మార్టిన్ లూథర్ జర్మన్‌లోకి అనువదించిన బైబిల్ కొత్త నిబంధన సాక్సనీలోని విట్టెన్‌బెర్గ్‌లో అచ్చయింది. ఆయన ఒక్కడే భాషను సృష్టించాడనడం అతిశయోక్తి. సాక్సనీ ప్రభుత్వ కచేరీ భాషనే వాడుతున్నానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ దస్తావేజుల భాషలోకి ఇంటి తల్లి, వీధి పిల్లలు, సంతలో సామాన్యుడు మాట్లాడే తీరును తేవడం ఆయన ప్రతిభ. అయినా అందరికీ అర్థం కాలేదు. మరుసటి ఏడాదే బాసెల్‌లో ఆడమ్ పెట్రి అనే ముద్రాపకుడు దక్షిణాది పాఠకుల కోసం దానికి పదాల పట్టిక జతచేశాడు. 1534లో ల్యూబెక్‌లో లూథర్ బైబిల్ మొత్తం ఉత్తరాది భాషలో వచ్చింది. విట్టెన్‌బెర్గ్ పూర్తి ప్రతి కంటే అదే కొన్ని నెలలు ముందు! (తెలుగు తొలి అచ్చు పుస్తకాలు కూడా విట్టెన్‌బెర్గ్ చుట్టుపక్కలే, హాలే పట్టణంలో, 1740లలో బెంజమిన్ షుల్జ్ చేతుల మీదుగా వెలువడ్డాయి. ఆ కథ మరో సభకు.)

తరవాత హన్సా చితికింది. ఉత్తరాది కచేరీలు, బడులు, చర్చిలు క్రమంగా ఈ రాతభాషకు మారాయి. అక్కడివాళ్లు దాన్ని పరాయి భాషలా పుస్తకం చూసి నేర్చుకున్నారు కనుక రాసినట్టే పలికారు. చివరికి ఆ పలుకుబడే ఆదర్శమైంది. 1898లో థియోడార్ జీబ్స్ అనే భాషావేత్త రంగస్థల నటుల కోసం కూర్చిన ఉచ్చారణ నియమాలకు అదే ఆధారం. స్పెల్లింగ్‌కు 1901 బెర్లిన్ సమావేశం దాకా ఆగాల్సి వచ్చింది. లూథర్ సొంత నేల సాక్సనీ యాస సంగతా? ఇప్పుడు హాస్యనటులకు జీవనాధారం.

స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడేవాళ్లు మాత్రం సగం దాకానే ఒప్పుకున్నారు. పత్రిక ప్రామాణిక జర్మన్‌లో చదువుతారు. ఇంట్లో, ఆఫీసులో, రేడియో కబుర్లలో తమ మాండలికమే. జ్యూరిక్ బ్యాంకులో పై అధికారి కూడా అందులోనే మాట్లాడతాడు, ఏమాత్రం మొహమాటం లేకుండా.