అమ్రా మాట విని తీర్పు మార్చుకున్న న్యాయమూర్తి

సభకు నమస్కారం, అస్సలాము అలైకుమ్.

ఇస్లాంలో స్త్రీల విద్య గురించి మాట్లాడమంటే మనం ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా పేరు చెప్పి, ఆమె ద్వారా 2,210 హదీసులు, అంటే ప్రవక్త మాటలు, చేతల కథనాలు వచ్చాయని చెప్పి కూర్చుంటాం. అక్కడితో ఆపేస్తే ఆమె ఎవరికి చదువు చెప్పిందన్నది వదిలేసినట్టే. అందుకే ఈ రోజు ఆమె శిష్యురాలి గురించి చెప్తాను. ఆమె పేరు అమ్రా బిన్త్ అబ్దుర్రహ్మాన్. మదీనాలో ఆయిషా దగ్గరే పెరిగింది. విన్నది గుర్తుపెట్టుకోవడమే కాదు, దాన్ని ఎక్కడ వర్తింపజేయాలో కూడా తెలిసిన మనిషి. హదీసు పండితుల్లో పెద్దపేరున్న ఇమామ్ జుహ్రీ ఆమె దగ్గరికి వెళ్లి విని, ఆమెను ఎండని సముద్రం అన్నాడు.

ఇమామ్ మాలిక్ తన హదీసు గ్రంథం ‘మువత్తా’లో ఒక సంగతి రాశారు. ఒక నబతీయుడు ఇనప ఉంగరాలు దొంగిలించి దొరికాడు. అరబ్బు కాదు, వెనక తెగ బలం లేదు. మదీనా న్యాయమూర్తి అబూబక్ర్ ఇబ్న్ హజ్మ్ అతన్ని ఖైదులో పెట్టి, చెయ్యి నరికించడానికి సిద్ధమయ్యాడు. ఈ అబూబక్ర్‌కు అమ్రా స్వయానా ఖాలా, అంటే తల్లి తోబుట్టువు. విషయం తెలిసి అమ్రా తన పరిచారికను పంపింది. అబూబక్ర్ జనం మధ్యలో ఉండగానే ఆ పరిచారిక వచ్చి అడిగింది: “మీ ఖాలా అమ్రా అడుగుతోంది, ఇంత చిన్న వస్తువుకా చెయ్యి నరికిస్తావు? పావు దీనారు, ఆపైన విలువ ఉంటేనే ఆ శిక్ష అని చెప్పమంది.” అబూబక్ర్ ఆ నబతీయుణ్ణి వదిలేశాడు.

ఆ శిక్ష మీద ఈనాడు మనలో ఎవరి అభిప్రాయం వారికి ఉండొచ్చు. నన్ను ఆకట్టుకున్నది వేరే. ఆడమనిషి చెప్పిన మాట కదా, ఇంకో మగవాణ్ణి అడిగి చూద్దాం అని ఆయన అన్నట్టు ఆ కథనంలో ఎక్కడా లేదు. తోబుట్టువు కొడుకు మీద చనువుతో బతిమాలడమూ కాదిది. పావు దీనారు లెక్క అమ్రా ఆయిషా దగ్గర విన్నదే. చట్టం తెలిసి చెప్పింది, ఆయన ఒప్పుకున్నాడు.

717లో ఖలీఫా అయిన ఉమర్ ఇబ్న్ అబ్దుల్ అజీజ్, పండితులు పోతే విద్య కూడా పోతుందని భయపడి హదీసులు రాయించమని మదీనాకు ఉత్తరం పంపాడు. అమ్రా చెప్పినవి కూడా రాయించమన్నాడు. ఉత్తరం అందుకున్నది ఈ అబూబక్రే.