పెద్దకర్మ అయిపోయాక పిల్లల సంగతేంటి

అందరికీ నమస్కారం. ఇంట్లో అమ్మో నాన్నో పోయినప్పుడు పిల్లలకి ఆ సంగతి ఎలా చెప్పాలో, వాళ్ళకి ఎలా తోడుండాలో మాట్లాడదామని వచ్చాను. నేను డాక్టర్నీ కౌన్సిలర్నీ కాదు, ప్రైమరీ స్కూల్ టీచర్ని. అందుకే నాకు ఏడేళ్ళప్పుడు మా ఇంట్లో జరిగిన దాంతోనే మొదలుపెడతాను.

మా నాన్న ఆసుపత్రిలో పోయారు. నన్ను తీసుకెళ్ళి పక్కింటి అత్తయ్య వాళ్ళింట్లో కూర్చోబెట్టారు, నాన్నేరీ అంటే ఊరెళ్ళారమ్మా వచ్చేస్తారు అన్నారు. నమ్మేశాను. కాకపోతే నాన్న చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి, చెప్పుల్లేకుండా ఊరెలా వెళ్ళారా అనిపించేది. రోజూ సాయంత్రం ఆరింటి బస్సు దగ్గరికెళ్ళి నిలబడేదాన్ని, దిగేవాళ్ళందర్నీ చూసి, బస్సు కదిలాక ఇంటికొచ్చేదాన్ని. చివరికి చెప్పింది స్కూల్లో నా పక్కన కూర్చునే పిల్ల, "మీ నాన్న చచ్చిపోయాడంట కదా" అని. ఇంట్లోవాళ్ళు నేను బాధపడకూడదనే అలా చెప్పారు, వాళ్ళ మీద కోపం లేదు, కానీ ఆ తర్వాత అమ్మ బజారుకెళ్ళొస్తానన్నా కొంగు వదిలేదాన్ని కాదు.

అందుకే "చనిపోయారు" అనే మాటే వాడండి. నిద్రపోయారు అని చెప్తే పిల్లలకి రాత్రి పడుకోవాలంటే భయం పట్టుకుంటుంది. ఐదేళ్ళలోపు వాళ్ళకి ఇక తిరిగిరారు అన్నది ఒక్కసారి చెప్తే ఎక్కదు, పొద్దున చెప్పిందే సాయంత్రం మళ్ళీ అడుగుతారు, విసుక్కోకుండా మళ్ళీ చెప్పాలి: నాన్న గుండె ఆగిపోయింది, ఇక ఊపిరి తీసుకోరు, ఆకలీ నొప్పీ ఉండవు, రారు. ఆరేడేళ్ళ వాళ్ళు పైకి అడగరు గానీ లోపల ఇంకోటి తొలిచేస్తుంటుంది, ఆరోజు నేను అలిగినందుకే ఇలా అయిందా అని. వాళ్ళు అడక్కపోయినా నీ వల్ల కాదు కన్నా అని మనమే చెప్పాలి. మనవాళ్ళలో "పుట్టి తండ్రిని మింగేశాడు" అనే మాటొకటి ఉంది చూశారా, పిల్లాడి ముందు ఆ మాట ఎవరన్నా సరే, సొంత మేనత్తయినా సరే, అక్కడికక్కడే ఆపండి దయచేసి.

శవాన్ని చూపించాలా వద్దా అని చాలామంది అడుగుతారు. పిల్లల్నే అడగండి. చూస్తామంటే అక్కడ ఏముంటుందో ముందే చెప్పి, వాళ్ళని విడవకుండా ఉండే ఒక పెద్దమనిషిని పక్కన పెట్టండి, వద్దంటే బలవంతం చెయ్యొద్దు. కాసేపు ఏడ్చి వెంటనే ఆడుకోడానికి పోతారు, అది బాధ లేక కాదు, పిల్లలు దుఃఖాన్ని కొంచెం కొంచెంగానే మోయగలరు. ఇక అమ్మ పిల్లల ముందు ఏడిస్తే తప్పేం లేదు, వంటింట్లో తలుపేసుకుని ఏడిస్తేనే ఈ ఇంట్లో నాన్న పేరెత్తకూడదేమో అనుకుంటారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో దుఃఖం వెనకే ఫీజులూ అద్దే వచ్చి నిలబడతాయి. పిల్లల సంరక్షణ కోసం కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద నెలకి 4,000 రూపాయలు ఇస్తారు, భర్త పోయిన తల్లి దగ్గరున్న పిల్లలకీ, అమ్మానాన్నలిద్దరూ లేక బంధువుల దగ్గరున్న వాళ్ళకీ. ఆదాయ పరిమితి ఉంటుంది, జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో అడగండి. పిల్లాడు వారాల తరబడి తినకపోయినా, నేనూ నాన్న దగ్గరికి పోతా అంటున్నా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 కి ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

నా క్లాసులో మూడో తరగతి బాబొకడు నాన్నకి తలకొరివి పెట్టి గుండుతో స్కూలుకొచ్చాడు. పదకొండు రోజులూ ఇంటినిండా జనం, పెద్దకర్మ భోజనాలయ్యాక ఒక్కొక్కళ్ళూ వాడి తల మీద చెయ్యేసి "ఇక ఇంటికి నువ్వే మగదిక్కు" అని చెప్పి వెళ్ళిపోయారట. వాడికింకా బూటు లేసు కట్టుకోవడం రాదు. గుండు అని ఏడిపించినవాణ్ణి కొట్టాడు, ముందు నేను కూడా ఈ బాబునే తిట్టాను, ఆ తిట్టినందుకు ఇప్పటికీ నాకు బాధగానే ఉంటుంది. తర్వాత రోజూ లంచ్‌లో వాడి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను, ఏమీ అడిగేదాన్ని కాదు. రెండు నెలలకి ప్రోగ్రెస్ కార్డు తెచ్చిచ్చాడు. తండ్రి సంతకం అన్నచోట పెన్సిల్‌తో వంకరగా గీసిన సంతకం ఉంది.

"నాన్న సంతకం నాకొచ్చు టీచర్, మర్చిపోకుండా రోజూ రాస్తున్నా" అన్నాడు.

ఆ కార్డు అలాగే తీసుకున్నాను. వాడు ఆరోజే మొదటిసారి వాళ్ళ నాన్న గురించి మాట్లాడాడు, బెల్ కొట్టినా ఆపలేదు, నేనూ లేవలేదు.